ఇంట్లో, ఆఫీసులో గాలి బాగోలేదనిపిస్తే ఎలా వెతకాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు తిరిగి లోపలి గాలి ఎక్కడ చెడుతోందో వెతికిపెట్టడం నా పని. ఫోన్ చేసేవాళ్ళు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

గాలి వల్లే ఈ ఇబ్బంది అని ఎలా తెలుస్తుంది?

కళ్ళ మంట, గొంతు గరగర, ముక్కు దిబ్బడ, తలనొప్పి, మగత. ఇవి జలుబుకీ వస్తాయి, నిద్ర చాలకపోయినా వస్తాయి. కాబట్టి ఏం వచ్చింది అన్నదానికంటే ఎప్పుడు వచ్చింది, ఎక్కడ తగ్గింది అన్నది ముఖ్యం. ఆఫీసుకెళ్ళిన రెండు గంటలకి మొదలై, సాయంత్రం బయటికొచ్చాక తగ్గిపోయి, ఆదివారం అసలు రాకపోతే బిల్డింగ్‌ని అనుమానించాల్సిందే. ఊరెళ్ళి నాలుగు రోజులుంటే పిల్లాడి దగ్గు తగ్గి, ఇంటికి రాగానే మళ్ళీ మొదలైతే అదీ అలాంటిదే. ఆయాసం, పిల్లికూతలు, జ్వరం ఉంటే మాత్రం ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బిల్డింగ్ సంగతి తర్వాత చూడొచ్చు.

ముందుగా ఏ మీటర్ కొనాలి?

ఏదీ వద్దు. ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. రెండు వారాల పాటు తేదీ, టైమ్, ఏ గది, ఏం అనిపించింది, ఏం వాసన వచ్చింది, అప్పుడు ఏసీ నడుస్తోందా, కిటికీ తెరిచి ఉందా, వాన పడుతోందా, కరెంటు ఉందా అన్నవి రాయండి. ఇంట్లో లేదా ఆఫీసులో మిగతావాళ్ళ చేత కూడా విడివిడిగా రాయించండి. ఒకరిది చూసి ఇంకొకరు రాయకూడదు.

కరెంటు ఉందా అని ఎందుకు రాయమంటున్నానో చెప్తాను. ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఇంటావిడకి అప్పుడప్పుడు తల పగిలిపోయేంత నొప్పి వచ్చేది. మీటర్ పెట్టి కొలిస్తే అన్నీ బాగానే ఉన్నాయి, ఎందుకంటే నేను వెళ్ళిన రోజు నొప్పి లేదు. ఆవిడ రాసిన కాగితం చూస్తే నొప్పి వచ్చిన ప్రతి రోజూ కరెంటు పోయింది. జనరేటర్ పొగ గొట్టం సెల్లార్ నుంచి డక్ట్‌లోకి (పైపులు దిగే నిలువు సందులోకి) వదిలేసి ఉంది. ఆ డక్ట్‌లోకే ఆవిడ వంటగది కిటికీ తెరుచుకుంటుంది. గొట్టాన్ని టెర్రస్ పైదాకా పొడిగించాక నొప్పి మళ్ళీ రాలేదు. ఎంత ఖరీదైన మీటరైనా, కరెంటు ఉన్న రోజున పెడితే ఈ సంగతి చెప్పేది కాదు.

ఒక్కరికే ఇబ్బందిగా ఉంది, పక్కవాళ్ళంతా బాగానే ఉన్నారు. ఇది అనుమానం జబ్బు కాదా?

కాదు. ఈ మాట నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

ఒకే హాల్లో కూడా గాలి అందరికీ ఒకేలా అందదు. ఒకరి నెత్తిన ఏసీ గాలి పడుతుంది, ఇంకొకరి సీటు ప్రింటర్ పక్కన ఉంటుంది, మరొకరు మూల కూర్చుంటే అక్కడ గాలే కదలదు. పైగా ఆస్తమా, ఎలర్జీ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి, చిన్నపిల్లలకి, పెద్దవాళ్ళకి మిగతావాళ్ళకంటే ముందే తెలుస్తుంది. ముందు తెలిసినవాళ్ళని ఊరికే భయపడేవాళ్ళ కింద జమకట్టకూడదు.

ఒక ఆఫీసులో ఒకమ్మాయి ఏడెనిమిది నెలలు తన సీటు దగ్గర ఏదో వాసన, వికారం అని చెప్తూ వచ్చింది. టెన్షన్ తగ్గించుకోమన్నారు, సీటు మార్చారు, పెళ్ళి పనుల హడావిడి అన్నారు. నేను వెళ్ళినప్పుడు మేనేజర్ మాటలు పక్కనపెట్టి ముందు ఆ అమ్మాయినే అడిగాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎక్కువ అని చెప్పింది. నిచ్చెన వేసి ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీశాం. టాయిలెట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైపు బయటి గోడ దాకా వెళ్ళాల్సింది మధ్యలోనే ఊడిపోయి ఉంది. టాయిలెట్ గాలంతా సీలింగ్ పైనే పోగవుతోంది. ఏసీ వెనక్కి లాక్కునే గాలి కూడా ఆ సీలింగ్ పైనుంచే. అది మళ్ళీ చల్లబడి మొదట పడేది ఆ అమ్మాయి పాత సీటు మీదే. పైపు బిగించడానికి పట్టింది అరగంట.

అందుకే ఏ బిల్డింగ్‌కి వెళ్ళినా ఇబ్బంది పడుతున్నవాళ్ళతో, అధికారులు పక్కన లేకుండా, పావుగంట మాట్లాడందే నేను సంచిలోంచి ఒక్క పరికరమూ తీయను.

అంత పెద్ద బిల్డింగ్‌లో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. చెడు గాలి ఎక్కడ పుడుతోంది? ఏ దారిన వస్తోంది? దాన్ని ఏది తోస్తోంది, లేదా లాగుతోంది? ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే. చాలామంది మొదటిది మాత్రమే చూసి ఆగిపోతారు. వాసన పుట్టేచోటు సెల్లార్‌లో ఉంటుంది, ఇబ్బంది ఐదో అంతస్తులో ఉంటుంది. మధ్యలో దారి లిఫ్ట్ గుంతో, మెట్లో, పైపుల డక్టో.

గాలిని లాగేవాటిలో జనం మరిచిపోయేది ఎగ్జాస్ట్ ఫ్యాన్. వంటగది చిమ్నీ గాలిని బయటికి తోస్తే, అంత గాలీ ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి. కిటికీలన్నీ మూసి ఉంటే అది బాత్రూమ్ తూము నుంచో, పక్క ఫ్లాట్ డక్ట్ నుంచో వస్తుంది. పక్కింటి చేపల పులుసు వాసన మనింట్లోకి రావడానికి చాలాసార్లు కారణం మన చిమ్నీయే.

చూడ్డానికి ఒక అగరుబత్తి చాలు. తలుపు కింద సందు దగ్గర, స్విచ్‌బోర్డుల దగ్గర, పైపులు గోడలోకి వెళ్ళేచోట, తూము జాలీ మీద పట్టుకోండి. పొగ ఎటు వంగుతోందో గాలి అటు వెళ్తోంది. ఫ్యాన్లు వేసి ఒకసారి, ఆపి ఒకసారి చూడండి. గ్యాస్ వాసన వస్తున్న చోట మాత్రం నిప్పు వెలిగించొద్దు. అక్కడ పలుచని టిష్యూ కాగితం పట్టుకుని చూడండి, స్విచ్‌లు వేయడం, ఆపడం కూడా చేయొద్దు.

ఆఫీసులో మధ్యాహ్నం మూడయ్యేసరికి అందరూ ఆవలిస్తున్నారు. భోజనం ఎక్కువైందా?

కొంత అదీ ఉండొచ్చు. కానీ బయటి గాలి ఎంత వస్తోందో చూడకుండా అన్నం మీద నెపం వేయొద్దు.

అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ 1980ల చివరి దాకా సుమారు 500 బిల్డింగులు పరిశీలిస్తే, సగానికి పైగా చోట్ల తేలిన ముఖ్య కారణం వెంటిలేషన్ చాలకపోవడమే. దానికి వెనక ఒక కథ ఉంది. 1973లో చమురు సంక్షోభం వచ్చాక కరెంటు ఆదా కోసం అక్కడ ఆఫీసుల్లోకి తెచ్చే బయటి గాలిని బాగా తగ్గించేశారు. మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులు చాలన్నారు. ఫిర్యాదులు పెరిగి పెరిగి, 1989లో ఆఫీసులకి దాన్ని 20కి, అంటే సెకనుకి 9 లీటర్ల పైచిలుకుకి, పెంచారు. ఇప్పటి లెక్కలో మామూలు ఆఫీసుకి మనిషికి సెకనుకి దాదాపు 8 నుంచి 10 లీటర్ల బయటి గాలి కావాలి.

మన దగ్గరా అదే కథ నడుస్తోంది. సెంట్రల్ ఏసీ ఉన్నచోట బయటి గాలి వచ్చే డ్యాంపర్‌ని (గాలి దారిని తెరిచి మూసే పలకని) ఎండాకాలంలో కరెంటు బిల్లు చూసి మూసేస్తారు, వానాకాలం వచ్చినా తెరవరు. ఇక స్ప్లిట్ ఏసీలు, క్యాసెట్ ఏసీలు పెట్టిన చిన్న ఆఫీసుల్లో బయటి గాలి వచ్చే ఏర్పాటే ఉండదు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఇది తెలియనివాళ్ళు చాలామంది.

కార్బన్ డయాక్సైడ్ మీటర్‌లో ఎంత చూపిస్తే ఫర్వాలేదు?

బయట ఇప్పుడు సుమారు 420 పీపీఎం, అంటే గాలి పది లక్షల పాళ్ళలో 420 పాళ్ళు, ఉంటుంది. మనుషులున్న గదిలో 800 లోపు ఉంటే గాలి బాగా మారుతున్నట్టు. 1000 దాటి ఉంటే కిటికీ గురించి ఆలోచించండి. 1500 పైనే రోజంతా ఉంటే ఏదో ఒకటి చేయాల్సిందే. ఈ అంకెల్లో కార్బన్ డయాక్సైడ్ విషం అని అర్థం కాదు. మనం వదిలిన ఊపిరి గదిలోంచి బయటికి పోతోందా లేదా అని చెప్పే గుర్తు అది. ఊపిరి పోకపోతే చెమట వాసన, ఫెవికాల్ వాసన, పక్కవాడి జలుబు వైరస్ ఏవీ పోవు.

కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ సెన్సర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచేది) ఉన్నదే తీసుకోండి. కొన్ని చవక మీటర్లు కార్బన్ డయాక్సైడ్‌ని కొలవవు, వేరే వాయువులు చూసి ఒక అంకె ఊహించి చూపిస్తాయి. కొన్నాక ముందు ఆరుబయట పెట్టి చూడండి. 420 దగ్గర్లో చూపించకపోతే సరిచేయాలి.

దీంతో ఒక మంచి లెక్క కట్టొచ్చు. అందరూ వెళ్ళిపోయాక గది అలాగే ఉంచి మీటర్ చూడండి. 1420 ఉన్నది గంటలో 790కి దిగితే, బయటి గాలికంటే ఎక్కువున్న 1000లో 370 మిగిలినట్టు. అంటే గంటకి సుమారు ఒకసారి గాలి మారుతోంది. నిండా పిల్లలుండే క్లాస్‌రూమ్‌కి అది ఏమాత్రం చాలదు.

రాత్రి ఏసీ వేసుకుని తలుపులన్నీ మూసుకుంటాం. పొద్దున తల బరువుగా ఉంటుంది. ఎందుకు?

12 అడుగుల గదిలో ఇద్దరు నిద్రపోతే, గాలి అసలు మారకపోతే, కార్బన్ డయాక్సైడ్ గంటకి 600 పీపీఎం పైచిలుకు పెరుగుతుంది. తలుపు కింద సందు వల్ల కొంత తగ్గినా తెల్లారేసరికి 2000 దాటడం మామూలే. కిటికీ ఒక అంగుళం తెరిచి పెట్టుకోండి, లేదా బెడ్‌రూమ్ తలుపు ఓరగా వేసి హాల్లో కిటికీ తెరవండి. బిల్లు కొద్దిగా పెరుగుతుంది. నా ఇంట్లో అలాగే చేస్తున్నాను.

బాత్రూమ్ నుంచి డ్రైనేజీ వాసన. ఎంత కడిగినా పోవడం లేదు.

వాడని బాత్రూమా? అయితే నహానీ ట్రాప్‌లో (నేల మీది తూము జాలీ కింద ఉండే గిన్నెలో) నీళ్ళు ఆవిరైపోయి ఉంటాయి. ఆ గిన్నెలో నిలిచే నాలుగు వేళ్ళ నీళ్ళే మనకీ డ్రైనేజీకీ మధ్య తలుపు. గెస్ట్ బాత్రూమ్‌లో, బాల్కనీలో, వాషింగ్ మెషిన్ దగ్గర, ఏసీ నీళ్ళు పోయే తూములో వారానికి ఒక మగ్గు నీళ్ళు పోయండి. నాకొచ్చే వాసన కేసుల్లో చాలావాటికి ఈ ఒక్క మగ్గుతోనే పరిష్కారం దొరికింది.

రోజూ వాడేదైనా వాసన వస్తుంటే, ట్రాప్ సరిగ్గా బిగించలేదేమో, కమోడ్ కింద సిమెంటు పగిలిందేమో, పైన టెర్రస్ మీద వెంట్ పైపు మూసుకుపోయిందేమో ప్లంబర్‌తో చూపించండి. వాసన మీద ఫినైల్, రూమ్ ఫ్రెషనర్ పోయకండి, ఎక్కడి నుంచి వస్తోందో మన ముక్కుకి కూడా తెలియకుండా పోతుంది. సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవరినీ దించకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన తగ్గిందని దిగినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

గోడకి నల్లగా బూజు పట్టింది. ఏ రకమో ల్యాబ్‌లో టెస్ట్ చేయించాలా?

అక్కర్లేదు, ఆ డబ్బు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవడానికి పెట్టండి. ఏ రకం బూజైనా చేయాల్సింది ఒకటే. తేమ ఆపాలి, బూజు తీసేయాలి.

అరచేయి రెండింతలంత పాలిథిన్ ముక్కని మరక మీద నాలుగు వైపులా టేప్‌తో అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు చెమ్మ పడితే నీరు గోడలోంచి ఊరుతోంది. టెర్రస్, పైపు, బయటి గోడ పగుళ్ళు, పై ఫ్లాట్ బాత్రూమ్, వీటిలో ఒకటి. గది వైపు చెమ్మ పడితే గదిలో గాలే తడిగా ఉంది. లోపల బట్టలారేయడం, వేడినీళ్ళ ఆవిరి, గోడకి ఆనించిన బీరువా వెనక గాలి ఆడకపోవడం కారణాలు. గదిలో తేమ 60 శాతం లోపు ఉంచగలిగితే బూజు పెరగడం కష్టం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో కిటికీ తెరిస్తే తేమ తగ్గదు, పెరుగుతుంది. అక్కడ ఏసీలో డ్రై మోడ్ పనికొస్తుంది.

బూజు మీద పెయింట్ వేయించకండి. ఆరు నెలల్లో మళ్ళీ పైకొస్తుంది. ముక్కిన వాసన వస్తూ ఎక్కడా మరక కనబడకపోతే కబోర్డుల వెనక, సింక్ కింద, ఏసీ ట్రేలో, ఫాల్స్ సీలింగ్ పైన చూడండి.

కొత్త వుడ్‌వర్క్ చేయించాం. కళ్ళు మండుతున్నాయి.

ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. వేడికి, తేమకి ఇంకా ఎక్కువ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు, ఒక అరగంట సగటున, ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పని ముగిసిన మర్నాడే పాలు పొంగించి పసిబిడ్డతో అక్కడ పడుకోవద్దు. పాలు పొంగించండి, పూజ చేసుకోండి, కాపురం మాత్రం వీలైతే కొన్ని వారాలు ఆగి పెట్టండి. అంతవరకు కబోర్డు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఫ్యాన్లు వేయండి. కొత్తగా చేయించేవాళ్ళు ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలే ఈ0 లేదా ఈ1 గ్రేడ్ బోర్డులు అడగండి, కోసిన అంచులన్నీ లోపలి వైపు కూడా మూయించండి.

గ్యాస్ గీజర్ బాత్రూమ్‌లోనే ఉంది. ప్రమాదమా?

ప్రమాదమే. ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి.

మూసిన బాత్రూమ్‌లో గ్యాస్ మండితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల తిరుగుతుంది, కాళ్ళు తేలిపోతాయి, గడియ తీసే ఓపిక కూడా ఉండదు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. మనిషి స్పృహ తప్పుతున్నా 98 అని చూపించగలదు. గీజర్‌ని బయట బాల్కనీలో బిగించి వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి తేవాలి. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, సెల్లార్‌లో చిన్న జనరేటర్ నడపడం కూడా ఇంతే.

పీఎం 2.5 ఇంట్లో 90 చూపిస్తోంది. ప్యూరిఫయర్ కొనాలా?

పీఎం 2.5 అంటే గాలిలోని అతి సన్నని ధూళి, అంకె ఘనపు మీటరుకి మైక్రోగ్రాముల్లో. ముందు బయట ఎంతుందో చూడండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పటాన్‌చెరు ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీలో గాలి కొలిచే స్టేషన్లు ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో అంకెలు కనిపిస్తాయి. బయట కూడా అంతే ఉంటే కిటికీ మూయండి, ప్యూరిఫయర్ పనికొస్తుంది. బయట 30 ఉండి లోపల 90 ఉంటే దుమ్ము మీ ఇంట్లోనే పుడుతోంది, కిటికీ తెరవండి. మన దేశపు ప్రమాణం 24 గంటల సగటుకి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. చవక మీటర్లు తేమ గాలిలో, పొగమంచులో ఎక్కువ చూపిస్తాయని గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో పుట్టే పొగలో పెద్దవి పోపు, అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చక్రం. ఒక్క దోమల చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో కొలిచారు. చక్రం వెలిగించి, తలుపులు మూసి, పసిపిల్లని పడుకోబెట్టే ఇళ్ళు నేను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి దోమతెర కట్టండి. దీపం, ఒక్క అగరుబత్తి పెట్టుకోండి, కిటికీ తెరిచి పెట్టుకోండి.

ప్యూరిఫయర్ కొంటే సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది, గంటకి మీ గది గాలిని నాలుగైదుసార్లు వడపోయగలది తీసుకోండి. ఓజోన్ వదిలే యంత్రాలు వద్దు. ఏ ప్యూరిఫయరూ కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించదు.

మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందట కదా?

కళ్ళకి హాయి, పెంచుకోండి. కానీ 2019లో పాత ప్రయోగాలన్నీ తిరిగి లెక్కకడితే, కిటికీ చేసే పని చేయడానికి ప్రతి చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు కావాలని, వెయ్యి దాకా కూడా కావచ్చని తేలింది.

బిల్డింగ్ గాలి వల్ల నిజంగా పెద్ద జబ్బులు వస్తాయా?

1976 జూలైలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. ఆ తర్వాత 200 మందికి పైగా న్యుమోనియాతో పడ్డారు, ఎంతోమంది చనిపోయారు. ల్యాబ్‌లో నెలల తరబడి ఏదీ దొరకలేదు. పరిశోధకులు మాత్రం ఎవరు ఏ గదిలో ఉన్నారు, లాబీలో ఎంతసేపు నిలబడ్డారు అని ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్ళారు. హోటల్లో అడుగుపెట్టకుండా బయట రోడ్డు మీద నడిచినవాళ్ళకి కూడా జబ్బు వచ్చిందని తేలింది. ఇది తిండి వల్లో, నీళ్ళ వల్లో కాదు, గాలి దారిన వచ్చిందని అర్థమవడానికి ఆ జవాబులే దారి చూపాయి. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త ఆ బాక్టీరియాని పట్టుకున్నారు. అదే లెజియోనెల్లా. పెద్ద ఏసీల వేడిని వదిలే కూలింగ్ టవర్ల నీటిలో అది పెరిగి, సన్నని తుంపర్లతో గాలిలోకి వస్తుంది. కూలింగ్ టవర్ ఉన్న ప్రతి హాస్పిటల్, హోటల్, మాల్ ఆ నీటిని శుభ్రంగా ఉంచాల్సింది ఇందుకే.

మేనేజ్‌మెంట్, లేదా ఇంటి ఓనర్ పట్టించుకోకపోతే?

"గాలి బాగోలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. "మంగళవారం నుంచి శుక్రవారం దాకా, 2 నుంచి 5 గంటల మధ్య, తూర్పు వైపు ఆరు సీట్లలో నలుగురికి తలనొప్పి, ఆ టైమ్‌లో కార్బన్ డయాక్సైడ్ 1900" అని రాయండి. అసోసియేషన్ మీటింగ్‌లో కూడా అంతే. డైరీ కాపీ జతచేయండి.

బయటి నిపుణుణ్ణి పిలిస్తే, రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా శాంపిళ్ళు తీసుకుని 40 పేజీల రిపోర్టు ఇస్తానంటే ఒప్పుకోవద్దు. ఏం అనుమానిస్తున్నారు, ఈ టెస్ట్ దేన్ని తేలుస్తుంది, ఆరుబయట కూడా పోల్చి కొలుస్తారా అని అడగండి.

సరిచేశాక సమస్య పోయిందని ఎలా నమ్మాలి?

ఒకేసారి పది మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి చేసి వారం ఆగండి. తర్వాత మొదట ఇబ్బందిపడ్డవాళ్ళ చేతే, అదే సీట్లలో, అదే గంటల్లో మళ్ళీ రెండు వారాలు డైరీ రాయించండి. మీటర్ తగ్గినా వాళ్ళకి తగ్గలేదంటే మీరు ఇంకేదో వదిలేశారు, నిచ్చెన మళ్ళీ తెప్పించండి.